జవాబు చెప్పని వానాకాలం

"వాసన వస్తోందా అమ్మా?"

"చెప్పను తల్లీ."

ఆ వానాకాలంలో నేనూ మా అమ్మాయీ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. దాని చేతులు రెండూ నా ముక్కు దగ్గర ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి సబ్బునీళ్లు ఇంకా కారుతున్నాయి. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. అది చేతులు వెనక్కి తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ బకెట్ చప్పుడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నారుమళ్లు పోశారు, నాట్లు అయ్యాయి, కాలవలు నిండి రోడ్డు మీదికి వచ్చాయి, అది మాత్రం నోరు విప్పలేదు. ఇద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్లం. దాని ఊపిరి వినబడేది, మాట వినబడేది కాదు.

ఇదంతా పిల్లని బాగుచేయించడానికి తీసుకెళ్తే జరిగింది. అది చెబుదామనే కూర్చున్నాను.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు పోల్చుకుంటాను, అంతవరకే. నేను చెప్తుంటే రాస్తున్నది మా తోడికోడలు. పక్కింట్లోనే ఉంటుంది. పదో తరగతి దాకా చదివింది. తన సంగతి కూడా ఇందులో వస్తుంది. వచ్చినప్పుడు దాటేయకుండా రాయాలని ముందే మాట తీసుకున్నాను.

మొన్న బందరులో పిల్లని చూపిస్తున్న మేడం గారి గది బయట బల్ల మీద కూర్చుని ఉంటే, పెదపారుపూడి నుంచి వచ్చిందట, ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఆవిడ కొడుకు అప్పుడే లోపలికి వెళ్లాడు. చేతిసంచి పట్టీ మెలిపెడుతోంది. నా చెవి దగ్గరికి వంగి, "లోపల కరెంటు పెడతారా అండీ?" అని అడిగింది. లేదమ్మా, రెండు కుర్చీలుంటాయి, కూర్చుని మాట్లాడుకుంటారు అని చెప్పాను. "అంతేనా?" అంది. అంతేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంతే కాదని చెప్పడానికి బస్సు టైమైపోయింది. ఆవిడకి చెప్పకుండా వచ్చేసిన మాటలు మనసులో ఉండిపోయాయి. ఆవిడలాంటి తల్లులు ఇంకా ఎంతమంది వస్తారో ఆ బల్ల మీదికి.

మాది దివిసీమలో సముద్రం దగ్గర ఊరు. మా ఆయన వేటకి వెళ్లేవాడు. పిల్ల రెండో క్లాసులో ఉండగా కామెర్లు ముదిరి పోయాడు. అప్పటినుంచి నాకు ఎండుచేపల వ్యాపారమే ఆధారం. నెత్తళ్లు, సావళ్లు, రొయ్యపప్పు. పడవల దగ్గర పచ్చిచేప కొని, ఉప్పు పట్టించి, ఇసుకలో పాత వలలు పరిచి ఎండబెట్టి, గోతాల్లో కట్టి సంతలకి తీసుకెళ్తాను. గుడివాడ, ముదినేపల్లి, అటు పక్కంతా నాకు వాడుకవాళ్లే. పొలాల ఊళ్లవాళ్లకి మా ఎండుచేప అంటే ఇష్టం, బస్సులో మా పక్కన కూర్చోవడమంటేనే ఇష్టం ఉండదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. నాకెప్పుడూ కోపం రాలేదు. వాళ్లకి వచ్చే వాసన నాకు రాదు. ఏళ్లతరబడి అందులోనే ఉండి నా ముక్కు మొద్దుబారిపోయింది.

మా అమ్మాయి బాగా చదివేది. పదో తరగతి మార్కులు చూసి, గుడివాడలో హాస్టలు ఉన్న కాలేజీలో చేర్చాను. సంతకి వెళ్లినరోజు సరుకు అమ్ముకుని, సాయంత్రం ఆ గేటు దగ్గరికి వెళ్లేదాన్ని. ఖాళీ గోతాలు పక్కన పెట్టుకుని నిలబడితే లోపలినుంచి వచ్చేది. మొదట్లో పరుగున వచ్చేది. తర్వాత నడిచి వచ్చేది. ఆ తర్వాత, రావద్దమ్మా, చదువుకోవాలి అని ఫోను చేసింది. సరేనన్నాను.

కొన్నాళ్లకి హాస్టలు వార్డెన్ ఫోను చేసింది. మీ అమ్మాయి బాత్రూంలోకి వెళ్తే రావడం లేదు, బయట మిగతా పిల్లలు బకెట్లు పట్టుకుని నిలబడుతున్నారు, ఇంటికి తీసుకెళ్లి కొన్నాళ్లు ఉంచుకోండి అంది. వెళ్లి తీసుకొచ్చాను. దాని చేతులు చూస్తే ఎండాకాలం గట్టు మీద మట్టి పగిలినట్టు ఉన్నాయి. కణుపుల దగ్గర ఎర్రగా చిట్లి ఉన్నాయి. ఏమైందే అంటే, "శుభ్రంగా ఉండాలి కదమ్మా" అంది.

ఇంటికొచ్చాక చూశాను. లేచిందగ్గర్నుంచి చేతులు కడుక్కోవడమే. కడుక్కోవడం, వాసన చూసుకోవడం, మళ్లీ కడుక్కోవడం. సబ్బు బిళ్ల పెట్టెలో పెట్టేలోపు అరిగిపోయేది. సబ్బు చాలక బట్టలసోడా వేసుకునేది. పిల్లకి శుభ్రం ఎక్కువైందని ఊళ్లో మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, హాస్టల్లో నేర్పారేమో అని. ఆ తర్వాత నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. రెండు చేతులూ నా మొహానికి పెట్టి, వాసన వస్తోందా అమ్మా అని అడిగేది. లేదు తల్లీ అంటే ఊపిరి వదిలేది. అంతలోనే మళ్లీ వచ్చేది. సరిగ్గా చూడలేదు, మళ్లీ చూడు అనేది. నీ ముక్కుకి ఏం తెలుసు అనేది. నా ముక్కుకి తెలియదని చెప్తూనే నన్నే అడిగేది.

ఒక మాట చెప్పాలి, తల్లులకే అర్థమవుతుంది. వాళ్ల నాన్న పోయినప్పుడు ఆ పిల్ల నా కొంగు చేతికి చుట్టుకుని పడుకునేది. పెద్దయ్యాక చాప దూరం జరిపింది. గుడివాడ వెళ్లాక ఆ మాత్రం కూడా లేదు. ఇప్పుడు మళ్లీ వచ్చి చేతులు నా మొహానికి ఆనిస్తోంది. నేను ఆ చేతులు పట్టుకుని, ముక్కుకి ఆనించుకుని, లేదమ్మా అంటున్నాను. పిల్ల బాధపడుతోందని తెలుసు. ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి నాకు తగలడం అదొక్కటేనని కూడా తెలుసు.

వాసన వల్లే కదా ఇదంతా, వాసన లేకుండా చేస్తే సరిపోతుంది అనుకున్నాను. గోతాలన్నీ తోడికోడలి ఇంటికి చేరవేశాను. ఇల్లు ఫినాయిలు పెట్టి కడిగాను. గోడలకి సున్నం వేయించాను. వ్యాపారం మానేసి, కూరగాయలు కొని అమ్మడం మొదలుపెట్టాను. నాకు వంకాయ సంగతి ఏం తెలుసు? పుచ్చులన్నీ నా దగ్గరే మిగిలేవి. ముదినేపల్లి సంతలో ఎప్పుడూ నెత్తళ్లు కొనే పెద్దాయన నా బుట్టలో పచ్చిమిరపకాయలు చూసి, "ఏమ్మా, సముద్రం ఎండిపోయిందా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

చేప ఇంట్లోంచి పోయింది గానీ వాసన పోలేదు. పక్కింటి నుంచి గాలి కొడుతోంది అంది. కిటికీ మూసేశాను. దండెం తాడుకి ఉంది అంది. తాడు మార్చాను. సంత నుంచి తెచ్చిన నోట్లకి ఉంది అంది, డబ్బు దాని కంటపడకుండా దాచాను. అది ఏది అంటే అది తీసేస్తూ పోయాను. చివరికి నేను బయటినుంచి వస్తే గుమ్మంలోనే చీర మార్చుకోవాల్సి వచ్చింది.

చేతుల నుంచి రక్తం వస్తుంటే బందరు చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పూతమందు రాసిచ్చి, ఇది చర్మం జబ్బు కాదమ్మా, భయం, దీనికి మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు అని ఒక మేడం గారి దగ్గరికి పంపించాడు. ఊళ్లో మాత్రం చేతుల మందుకి వెళ్తున్నామనే చెప్పాను. వేరేలా చెప్తే ఏమంటారో నాకు తెలుసు.

మొదటి రోజు ఆవిడ ముందు నన్ను కూర్చోబెట్టింది. నాడి చూస్తుంది, మాత్ర రాస్తుంది అనుకున్నాను. ఏదీ లేదు. పిల్ల ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది, వాళ్ల నాన్న పోయినప్పుడు ఎక్కడ ఉంది, ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, అన్నీ అడిగింది. మా ఆయన పోయినప్పటినుంచి అంతసేపు నన్ను ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. కాగితం రుమాళ్ల పెట్టె నా వైపు జరిపింది. నేను కొంగుతోనే తుడుచుకున్నాను.

తర్వాత, ఇప్పుడు అమ్మాయితో మాట్లాడతానండీ, మీరు బయట కూర్చోండి అంది. తల్లిని కదా అన్నాను. అవునండీ, అందుకే బయట, అంది నవ్వుతూ.

బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు వేశారు. చెవి రిక్కించాను, ఎందుకు అబద్ధం. మాట తెలియదు, గొంతులు తెలుస్తాయి. చాలాసేపు మేడం గొంతే. తర్వాత మా పిల్ల గొంతు, సన్నగా, ఆగి ఆగి. తర్వాత నవ్వింది. మా పిల్ల నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. సంతోషించాలి కదా. కన్నదాన్ని నేను బల్ల మీద ఉన్నాను, నవ్వు వేరే మనిషికి అందింది.

బయటికి రాగానే మేడం గారిని పట్టుకుని, ఏం చెప్పిందండీ అన్నాను. గుడివాడలో ఏదో జరిగింది, అది తెలిస్తే నేను చూసుకుంటాను అన్నాను.

"అది తన మాటండీ. ప్రాణానికి ముప్పు ఉండే సంగతైతే ఆ రోజే మీకు చెప్తాను. మిగతాది తను చెప్పాలనుకుంటే తనే చెప్తుంది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లని కదిపి చూశాను. చల్లపల్లిలో బస్సు ఆగితే వేడి బజ్జీలు కొన్నాను. ఏమడిగిందే మేడం అన్నాను. కిటికీలోంచి చూస్తూ, "మామూలుగానే" అంది. బజ్జీలు ముట్టుకోలేదు. పులిగడ్డ దాటేదాకా నేనే తిన్నాను.

అలా వారం వారం వెళ్లాం. నేను మార్పు కోసం చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. పైగా ఒక్కోరోజు అక్కడి నుంచి వచ్చాక తలుపేసుకుని కూర్చునేది, అన్నం వద్దనేది, నా మీద విసుక్కునేది. కళ్లు ఉబ్బి ఉండేవి. నన్నేమో లోపలికి రానివ్వరు. డ్రైవరు లేకుండా కదిలే బస్సులో కూర్చున్నట్టు ఉండేది నాకు.

ఒక రోజు మేడం ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టింది. ఈ భయం ఎలా పెరుగుతుందో మా అమ్మాయి చేతే నాకు చెప్పించింది. కడుక్కుంటే కాసేపు తగ్గుతుంది, నువ్వు వాసన లేదని చెప్తే కాసేపు తగ్గుతుంది, తర్వాత ఇంకా గట్టిగా వస్తుంది అని పిల్ల తల దించుకుని చెప్పింది. అప్పుడు మేడం నన్ను రెండు పనులు చేయమంది. ఒకటి, అది అడిగితే చేతులు వాసన చూడకూడదు, ఉందనీ లేదనీ చెప్పకూడదు. రెండోది, నా చేపల వ్యాపారం మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కసారిగా వద్దు, ముందు మూత పెట్టిన డబ్బాలో కొద్దిగా నెత్తళ్లు వేసి వరండాలో ఉంచండి, అది లోపలికి ఎప్పుడు రావాలో, ఎంత దూరం రావాలో అమ్మాయే చెప్తుంది అంది.

నేను ఇల్లంతా కడిగింది, సంతలో నవ్వులపాలైంది, ఇదంతా ఆవిడకి చెప్తే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ మెత్తగానే చెప్పింది. మీరు ప్రేమతోనే చేశారు, కానీ మీరు ఒక్కోటి తీసేస్తుంటే, నిజంగానే భయపడాల్సినది ఉందని ఆ భయానికి అర్థమైంది అంది.

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అన్నాను. "చేప అయితే ఎండ చూసి చెప్పేస్తాను ఎప్పటికి ఎండుతుందో."

"నేను చెప్పలేనండీ. మొదట ఇంకా ఎక్కువవుతుంది. మీ మీద కోపం వస్తుంది. అప్పుడు మానేయాలనిపిస్తుంది."

అన్నీ ముందే చెప్పింది. ముందే చెప్పినంత మాత్రాన తేలికవుతుందా?

ఆ మర్నాడే జరిగింది నేను మొదట చెప్పింది. ప్రేమగా చెప్పమంది మేడం. ఇది చెప్పకూడదనుకున్నాం కదా, నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు, నీ దగ్గరే కూర్చుంటాను అనాలట. దారంతా ఆ మాటలు వల్లె వేసుకుంటూనే వచ్చాను. తీరా ఆ చేతులు నా ముందుకి వచ్చేసరికి అవన్నీ ఎటు పోయాయో. చెప్పను తల్లీ అని మాత్రం వచ్చింది. అది కూడా గట్టిగా వచ్చింది. నా గొంతే అంత, సంతల్లో అరిచి అరిచి.

తర్వాతంతా వాన. చేప ఎండదు, పని ఉండదు, సంతకి వెళ్లినా జనం ఉండరు. ఇంట్లో నేనూ, మాట్లాడని పిల్లా. కంచంలో అన్నం పెడితే తీసుకుని అటు తిరిగి తినేది. పెరట్లో రేకు మీద వాన పడుతుంటే దాని కింద చేతులు కడుక్కునేది. రెండు చప్పుళ్లూ కలిసి వినబడేవి. లేచి వెళ్లాలనిపించేది. వెళ్తే లేదమ్మా అనేస్తానని భయం. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో నేను బయటికి అనే మాటలు కోళ్లని అదిలించడానికే.

ఇక్కడ మా తోడికోడలి సంగతి వస్తుంది. రాయమ్మాయ్, ఆగకు.

ఒకరోజు పక్కింట్లోంచి మా పిల్ల గొంతు వినబడింది. వాసన వస్తోందా పిన్నీ అంటోంది. "ఏం లేదు బంగారం, సబ్బు వాసనే" అంటోంది ఈవిడ. పిల్ల వెళ్లాక నేను వెళ్లి నిలదీశాను.

"అడిగింది, చెప్పానక్కా. తల్లి చెప్పకపోతే పిన్ని కూడా చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"దాని చేతులు చూస్తున్నావా అసలు? కుక్కపిల్లకి కాలు కాలితే ఊదుతాం మనం. నోరుండే పిల్లని బందరు తీసుకెళ్లి నోరు లేకుండా చేసుకొచ్చావు. బావగారు ఉంటే ఇలా జరగనిచ్చేవారా?"

ఆ ఆఖరి మాటతో నేను తిరిగి వచ్చేశాను. ఇద్దరం మాటలు మానేశాం. అప్పటికి ఇంట్లో ఒకరు, పక్కింట్లో ఒకరు, నాతో మాట్లాడని వాళ్లే రెండు వైపులా. ఏడాది తిరగని వితంతువుని కూడా ఎవరో ఒకరు పలకరిస్తారు. ఆ వానల్లో నన్ను పలకరించింది బస్సు కండక్టరే, టికెట్టు కోసం.

కొన్నాళ్లకి ఈవిడే వచ్చింది, తల మీద గోనెసంచి కప్పుకుని. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "పొద్దున్నుంచి నా దగ్గరికి వస్తూనే ఉందక్కా. లేదు అన్నకొద్దీ మళ్లీ వస్తోంది. నా నోట్లో మాట పూర్తికాకముందే కడుక్కోవడానికి పోతోంది. నేను మంచి చేస్తున్నానో చెడు చేస్తున్నానో నాకే తెలియడం లేదు. రేపట్నుంచి నేనూ చెప్పను." అని వెళ్లిపోయింది. ఇప్పుడు రాస్తూ మొహం దించుకుంది, చూడండి.

దాంతో ఆ పిల్లకి ఊళ్లో చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు. రెండు రోజులు ముసుగుతన్ని పడుకుంది. అన్నం ముట్టలేదు. నాకు ధైర్యం చాలలేదు. ఒంటరిగా బందరు వెళ్లి, మానేస్తామండీ, పిల్ల బతికుంటే చాలు, చేతులు కడుక్కుంటే కడుక్కోనీ అన్నాను. పిల్లకి ప్రాణం తీసుకునే ఆలోచనలు ఏమైనా ఉన్నాయేమోనని ఆవిడ మొదట ఆ సంగతే అడిగింది. అక్కడికక్కడే ఫోను చేయించి పిల్లతో తనే మాట్లాడింది. నాతో పలకని పిల్ల ఆ ఫోనులో పలికింది. మాట్లాడాక నాకు చెప్పింది, అలాంటి భయం లేదండీ, కోపం ఉంది, అలసట ఉంది. మానేయాలో వద్దో మీరొక్కరే చెప్పేది కాదు, తననీ అడగండి, మానేసినా నేను ఏమీ అనుకోను అంది.

ఇంటికొచ్చి ముసుగు దగ్గర కూర్చుని అడిగాను. "మానేద్దామా తల్లీ? నువ్వు ఎలా అంటే అలా." ముసుగు కదల్లేదు.

వెళ్లాల్సిన రోజు వచ్చింది. పొద్దున్న నేను లేచేసరికి చాప ఖాళీగా ఉంది. పెరట్లో లేదు. పక్కింట్లో లేదు. చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. బస్సు ఆగే చోట, గొడుగు వేసుకుని, బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది, కాళ్లు చూసింది, మళ్లీ రోడ్డు వైపు చూసింది. బస్సు వచ్చింది. అది ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. నాకు చెప్పులు లేవని కండక్టరు చూశాడు, టికెట్టు కొట్టాడు. బందరు దాకా దాని జడ చూస్తూ వెళ్లాను. మాట లేకపోతే లేదు, వెళ్లాలని అదే నిర్ణయించుకుంది. నేను లాక్కెళ్లడం అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. కానీ ఒకరోజు వరండాలో ఉండాల్సిన నెత్తళ్ల డబ్బా గుమ్మం లోపల ఉంది. నేను పెట్టలేదు. ఇంకొన్నాళ్లకి పొయ్యి గట్టు కింద ఉంది. ఆ తర్వాత మూత తీసి ఉంది. నేను చూసి, చూడనట్టు ఊడ్చుకున్నాను. పొగడాలనిపించింది. పొగిడితే డబ్బా మళ్లీ వరండాలోకి పోతుందేమోనని భయం. పెరట్లో బకెట్ చప్పుడు పూర్తిగా పోలేదు, మధ్యలో ఖాళీ పెరిగింది. ఆ ఖాళీలో ఏం చేస్తోందో, ఎంత కష్టపడుతోందో నాకు తెలియదు. తలుపు ఇవతల నేను చేయగలిగింది ఏమీ లేకపోవడమే అన్నిటికంటే కష్టం. జ్వరమైతే తడిగుడ్డ వేస్తాం.

వానలు తగ్గాయి. ఎండ పొడిగా కాయడం మొదలయ్యాక, చాలా రోజుల తర్వాత ఇసుకలో వలలు పరిచి నెత్తళ్లు పోశాను. అవి చూసుకుంటూ కూర్చుని, నిద్ర చాలక, పడవ నీడలో కునికాను.

"అమ్మా, కాకులు."

లేచి చూస్తే గట్టు మీద మా పిల్ల. నేను కాకుల్ని చూడలేదు, దాన్నే చూస్తున్నాను. నోరు తెరుచుకుని ఉండి ఉంటాను.

"నన్ను చూస్తావేంటమ్మా, తోలు. తినేస్తున్నాయి."

తోలాను. అప్పటికే ఒక కాకి నోటికి అందినన్ని పట్టుకుపోయింది. ఇంకోటి దాని వెనకాల. పిల్ల దిగి రాలేదు. గట్టు మీద నుంచే రెండు ఇసుకముద్దలు విసిరింది. తగల్లేదు. "నిద్రపోయేదానివి కాపలా ఎందుకు" అని గొణిగి ఇంటికి వెళ్లిపోయింది. నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూనే ఉన్నాను, లేకపోయినా.

అది బాగైపోయిందని చెప్పను. ఇప్పుడు అవనిగడ్డలో కాలేజీకి వెళ్లొస్తోంది. గుడివాడ వెళ్లనంది, నేను ఎందుకని అడగలేదు. చేతులు మామూలుగా అయ్యాయి, పరీక్షలప్పుడు మళ్లీ కొంచెం పగిలాయి. బందరు నెలకోసారి వెళ్తున్నాం. నేను ఆ బల్ల మీదే కూర్చుంటాను. గుడివాడలో ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. సంత రోజున బస్సు ఆ హాస్టలు ముందు నుంచి పోతుంటే కిటికీలు లెక్కపెడతాను, ఏది దాని గదో కూడా తెలియదు. మేడంకి తెలుసు. దానికి తెలుసు. నాకు తెలియకుండానే అది నయమవుతోంది. ఇది మింగడానికి నాకు చాలాకాలం పట్టింది, ఇంకా పూర్తిగా దిగలేదు.

చేతులు నా మొహం దగ్గరికి తీసుకురావడం మానేసింది. మానాలనే కదా ఇదంతా చేశాం. సాయంత్రం వచ్చి బ్యాగు పడేసి, ఆకలేస్తోందమ్మా అంటుంది, ఫోను చూసుకుంటూ తింటుంది. అందరి పిల్లల్లాగే. నేను నా కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. పట్టుకోవడానికి మళ్లీ ఏ చెయ్యీ లేదు. ఆ పెదపారుపూడి ఆవిడ అడిగితే ఇది కూడా చెప్పాలి. బిడ్డ నయమైతే తల్లి దగ్గర కొంచెం చోటు ఖాళీ అవుతుందని.

ఇది రాయించుకుంటానని మా అమ్మాయిని అడిగాను. "నీది చెప్పుకో అమ్మా. చేతుల సంగతి చెప్పు. నాది చెప్పకు" అంది. నేను విన్న నవ్వు చెప్పాను. తలుపు అవతలి గొంతు చెప్పాను. మేడం ముందు అది నాతో చెప్పిన మాట కూడా చెప్పేశాననుకుంటాను. అవి నావో దానివో నాకు తేలడం లేదు. ఇంకాసేపట్లో కాలేజీ బస్సు వచ్చేస్తుంది. అమ్మాయ్, మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు. దానిది ఎక్కడ తగిలితే అక్కడ ఆపుతాను, కొట్టేద్దువు గాని.